ఒంటి పొద్దు

నేను పుట్టు భయస్తుణ్ణి. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ సుఖం, చదివేవాళ్ళకూ సుఖం. సూదంటే భయం, నెత్తురంటే భయం, పై అధికారి గొంతు వింటే భయం. అలాంటివాణ్ణి ఉద్యోగమంతా జనాన్ని సూదితో పొడిచి, నెత్తురు తీసి, అందులో కనబడింది పై అధికారికి చెప్పే పనిలోనే గడిపాను. జమ్మలమడుగులో పౌరోహిత్యం చేసుకునే మా నాయన "మావాడు ఏరి కోరి పులినోట్లో తల పెట్టినాడు" అని పదిమందిలో నవ్వేవాడు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు మా ఇంటికి వస్తుంటారు. మనిషి ఒంట్లో గడియారం ఉందనీ, అది కణం కణంలోనూ ఉందనీ అణువుల పేర్లతో సహా చెబుతుంటారు. కణంలో ఒక జన్యువు పని మొదలుపెడుతుంది. దానివల్ల ఒక ప్రోటీన్ తయారవుతుంది. ఆ ప్రోటీన్ పోగై పోగై, చివరికి వచ్చి తనను పుట్టించిన జన్యువు నోరే మూసేస్తుంది. అది అరిగిపోయాక జన్యువు మళ్ళీ నోరు తెరుస్తుంది. ఈ చుట్టు ఒకటి తిరగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. వాళ్ళు చెబుతుంటే నాకు ముచ్చటేస్తుంది. మా కాలంలో ఇవేవీ తెలియవు. ఇన్ని తెలిసిన పిల్లలకు నేను చెప్పగలిగింది ఒకటే ఉంది: ఈ విద్యలో మనిషి ప్రాణం ఎక్కడ జారిపోతుందో. నేను చూసినంత వరకు అది కణంలో కాదు. మన నోటికీ ఎదుటివాళ్ళ చెవికీ మధ్య.

ముల్లే కనబడేది

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మద్రాసులో చదువు ముగించుకుని, ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో చేరాను. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు, పేరుతో పని లేదు. వెలుతురు కోసం ఉత్తరం వైపు కిటికీ, ఒక సూక్ష్మదర్శిని, ఒక కిరసనాయిలు స్టవ్వు. అదే ప్రయోగశాల. దానికి అధిపతి డాక్టర్ పద్మనాభం గారు. తెనాలి వైపు మనిషి. విదేశంలో చదివి వచ్చి ఈ ఎండల్లో ఎందుకు కూర్చున్నారో ఎవరికీ తెలియదు.

ఆయన పిచ్చి ఒకటే, ఒంట్లోని రోజువారీ లెక్క. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. తెల్లవారుజామున, మనిషి ఇంకా నిద్రలో ఉండగానే, అవి ఒక రసాయనాన్ని నెత్తురులోకి ఎక్కువగా వదులుతాయి. పొద్దున్నే మంచం మీంచి లేచి నిలబడే సత్తువ దానిదే. పొద్దెక్కేకొద్దీ అది తగ్గుతూ, రాత్రికి అడుగంటుతుంది. ఆ రసాయనాన్ని నేరుగా కొలిచే సాధనం మా దగ్గర లేదు. కానీ అది పెరిగినప్పుడు నెత్తురులో ఒక రకం తెల్లకణాలు తగ్గిపోతాయి. రంగు వేస్తే వాటిలో ఎర్రటి గింజలు కనబడతాయి, వాటిని లెక్కపెట్టవచ్చు. గడియారం లోపలి చక్రాలు మాకు కనబడేవి కావు. ముల్లు మాత్రం కనబడేది. దాన్ని చూడటానికి ఒకే మనిషి దగ్గర పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నెత్తురు తీయాలి.

ఆ తీసేవాణ్ణి నేను. పత్తి మిల్లు దగ్గర ఒకామె నన్ను పట్టుకుని నిలదీసింది.

"పొద్దన్నే దీసుకుంటివి. మద్యాన్నం దీసుకుంటివి. మళ్ళా మాపటికి వస్తివి. నా ఒంట్లో ఇంగేం మిగిలింది సామీ?"

వెనకనుంచి ఎవడో "నెత్తురు మద్రాసుకు పంపి అమ్ముకుంటాండారంట లేప్పా" అన్నాడు. జనం మూగారు. ఏం చేయాలో తోచక నా వేలే పొడుచుకుని చూపించాను. ఒక బొట్టు చాలమ్మా, ఇదిగో, అన్నాను. వాళ్ళు నవ్వారు గానీ నా భయం తగ్గలేదు. పరిశోధన అని మనం అనుకుంటాం. పొడిపించుకునేవాడికి అది పరిశోధన కాదు. ఎందుకో తెలియని నొప్పి. సూది పట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

పద్మనాభం గారి గురించి ఉన్నమాట చెబుతాను. అంత తెలివైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. పేదవాళ్ళంటే ప్రాణం. లోపం ఒక్కటే. తాను చెప్పిన మాట ఎదుటివాళ్ళకు చేరిపోయిందన్న నమ్మకం ఆయనకు పుట్టుకతో వచ్చింది. చెప్పడం అయిపోగానే చెయ్యి కడుక్కుని లేచేవారు. పైగా శాస్త్రాన్ని జనం భాషలో చెప్పాలని ఆయన పట్టుదల. కొత్త కొత్త మాటలు కట్టేవారు. ఒంట్లో ఉండే ఈ గడియారానికి ఆయన పెట్టిన పేరు 'ఒంటి పొద్దు'. ఒంటికి దాని సొంత పొద్దు ఉంటుందని అర్థం. "పొద్దుటూరులో కూర్చుని పొద్దు మీద పనిచేస్తున్నామయ్యా శేషయ్యా!" అని మురిసిపోయేవారు. నాకూ ఆ మాట బాగుందనే అనిపించేది.

గొర్రెల ఉప్పు

రాష్ట్రం పేరు మారి, రాజధాని హైదరాబాదుకు పోయిన కొత్తల్లో వేముల వైపు పల్లెనుంచి ఓబులమ్మను తీసుకొచ్చారు. గొర్రెలు కాసుకునే కుటుంబం. వెంట మొగుడు గంగన్న, అత్త. ఓబులమ్మకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. అంతకు ముందు క్షయ వచ్చి తగ్గిందట. ఇప్పుడు ఒళ్ళంతా నల్లబడుతోంది. అరచేతి గీతలు, చిగుళ్ళు కూడా మసి పూసినట్టు ఉన్నాయి. పొద్దున్నే లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోతోంది.

అత్త నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "గొర్రెలకు పెట్టిన ఉప్పు నాకుతాంది సామీ. వద్దని చేతుల్నుంచి గుంజితే కరవొస్తాంది. గాలి గాకుంటే ఏంది ఇది?"

పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆమె నెత్తురు చూశాను. ఆ కణాలు ఎప్పుడు చూసినా ఒకలాగే ఉన్నాయి. పొద్దున తగ్గాల్సినవి తగ్గలేదు. మళ్ళీ చూశాను, మర్నాడూ చూశాను. పద్మనాభం గారు సూక్ష్మదర్శిని మీద వంగి తానే మళ్ళీ లెక్కపెట్టారు. క్షయ ఆ రెండు గ్రంథులనూ తినేసిందని అప్పుడు అర్థమైంది. పొద్దున లేపే రసాయనం ఆమె ఒంట్లో పుట్టడం లేదు. అది లేకపోతే ఒంట్లో ఉప్పు నిలవదు, మూత్రంలో కొట్టుకుపోతుంది. ఆమె గొర్రెల ఉప్పు తిన్నది దయ్యం పట్టి కాదు, ప్రాణం నిలుపుకోవడానికి. చిన్న జ్వరం వచ్చినా, రెండు వాంతులైనా మనిషి దక్కదని డాక్టరు గారు అన్నారు. ఆ మాట విన్నాక ఆమె మంచం పక్కగా నడవాలన్నా నాకు భయం వేసేది.

మద్రాసునుంచి కార్టిజోన్ మాత్రలు తెప్పించారు. అప్పటికి అది కొత్త మందు. మూడోనాటికి ఓబులమ్మ లేచి కూర్చుని సంగటి అడిగింది. వారంలో వార్డంతా తిరిగింది. వేసుకున్నన్నాళ్ళు బతుకుతుంది, మానేస్తే లేదు. ఇల్లు చేరాక ఎలా వాడాలో డాక్టరు గారే స్వయంగా కూర్చోబెట్టి చెప్పారు. నేను అప్పుడు ప్రయోగశాలలో ఉన్నాను. కిటికీలోంచి గంగన్న తల ఊపడం మాత్రం కనబడింది.

చెప్పింది చెప్పినట్టే

కొన్నాళ్ళకు పద్మనాభం గారు నన్ను ఆ పల్లెకు పంపారు. ఇంటి తిండితో, ఇంటి పనితో ఆమె నెత్తురు ఎలా ఉందో చూడాలని ఆయన కోరిక. సూక్ష్మదర్శిని పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల చేరాను. మర్నాడు మొదటి బస్సుకు వేముల వెళ్ళి, అక్కడినుంచి శెనిక్కాయ చేల గట్ల మీద నడిచాను.

గంగన్న నన్ను దూరంనుంచే చూసి ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"సారు చెప్పింది చెప్పినట్టే చేస్తాండాం సామీ. ఒక్కటీ తప్పలే."

"ఎట్లుంది ఓబులమ్మ?"

"పండుకోనుంది. ఒంటిపొద్దు గదా, నీరసం ఉంటాది."

"ఏమంటివి?"

"ఒంటిపొద్దు. సారే చెప్పె గదా. 'ఈమెకు మందు కంటే ఒంటిపొద్దు ముఖ్యం, ఒంటిపొద్దు తప్పకూడదు' అని. ఇంటిదేవునికి మొక్కుకోని, మండలం రోజులు పట్టినాం."

మా సీమలో పుట్టినవాడికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఒక్కపొద్దు అన్నా ఒంటిపొద్దు అన్నా మాకు ఒకటే అర్థం, ఉపవాసం. పగలంతా పస్తుండి, పొద్దు గుంకినాక ఒక్కసారి తినడం. వాళ్ళింట్లో దానికి ఉప్పు నిషిద్ధం. డాక్టరు గారు ఒంటి గడియారం అనుకుని చెప్పారు. వీళ్ళు ఉపవాసం అనుకుని విన్నారు. ఇద్దరూ ఒకే మాట పలికారు, ఇద్దరూ తలలు ఊపుకున్నారు.

"ఉప్పు తినమని చెప్పలేదా?" అన్నాను.

"చెప్పె. మండలం అయినాక తింటాది లే."

"మాత్రలు? పొద్దన్నే ఒకటి, మాపటికి సగం గదా?"

"బువ్వ తిన్న్యాకనే ఎయ్యల్లంటిరి గదా సామీ. తినేది ఒక్కసారే గదా. మాపటికి ఆ సగం ఏస్తాండాం."

చెప్పిన ప్రతిదీ భక్తితో చేశారు. పొద్దున పడాల్సిన పెద్ద మోతాదు అసలే లేదు, సాయంత్రపు సగం తెల్లవారుజాముకే అయిపోతుంది, ఉప్పు రవ్వంత లేదు. లోపలికి పరుగెత్తాను.

ఓబులమ్మ నులకమంచం మీద ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. నాడి వేలికి సరిగా అందలేదు. రాత్రినుంచి కక్కుకుంటోందట. పిలిస్తే కళ్ళు తెరిచి, ఎవరో గుర్తుపట్టక మళ్ళీ మూసుకుంది. నేను డాక్టరును కాను. నా దగ్గర ఉన్నది సూది, గాజుపలకలు, రంగు సీసా. నా జీవితంలో అంతకు ముందు గానీ తర్వాత గానీ అంత భయపడలేదు. ఆ గుడిసెలోంచి పారిపోవాలనిపించింది. నిజంగానే వాకిలి వైపు చూశాను.

"మజ్జిగ తీసుకురాండి. గుప్పెడు ఉప్పు వెయ్యండి. మాత్రలు యాడుండాయి?" అని అరిచాను.

అత్త నాకూ మంచానికీ మధ్య వచ్చి నిలబడింది. కోపంగా కాదు. చేతులు జోడించింది.

"వద్దు సామీ. మొక్కు నడిమధ్యలో ఇరిస్తే ఆ దేవుడు ఊరుకోడు. నా పెద్దకొడుకు అట్లనే పాయ. మొక్కు ఇరిసిన మూన్నాళ్ళకే పాయ. ఉండేది వీడొక్కడే. వీణ్ణి తీసకపోతే నేనేం జేసేది?"

మూఢనమ్మకం అని కొట్టిపారేయడం పట్నంలో కూర్చున్నవాళ్ళకు సులువు. ఒక కొడుకును పోగొట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడినప్పుడు ఆ మాట నోట రాదు. శాస్త్రం చెప్పడానికి వేళ కాదు, వాదించడానికి అసలే కాదు. మా నాయన దగ్గరకు జనం ఇలాంటి చిక్కులతోనే వచ్చేవాళ్ళు. ఆయన ఏమనేవాడో నాకు గుర్తొచ్చింది.

"అవ్వా, నేను జమ్మలమడుగు పురోహితుని కొడుకును. జబ్బు మనిషి మొక్కును గట్టి మనిషి ఎత్తుకోవచ్చు. మిగిలిన రోజులు ఇంకొకరు ఉంటే దేవునికి చెల్లుతాది."

"ఎవురుంటారు?"

"నేనుంటా."

ఓబులమ్మకు ఉప్పు పోయనిస్తుందని ఆ మాట అన్నాను, అంతే. ఆమె నా ముఖంలోకి చూసింది. నెత్తురు తీసేటప్పుడు నేను జనం ముఖాల్లోకి ఎప్పుడూ అలా చూడలేదు. తర్వాత పక్కకు జరిగింది.

మాత్రలు పొడి చేసి ఉప్పు మజ్జిగలో కలిపి చెంచాతో పోశాను. మొదటిది కక్కేసింది. మళ్ళీ కలిపాను. కొంచెం కొంచెంగా, గుటక పడిందో లేదో గొంతు మీద వేలు పెట్టి చూస్తూ పోశాను. గంగన్న ఆమె తల పట్టుకుని కూర్చుని "మింగు, మింగుమే" అంటూ ఏడుస్తున్నాడు. రెండోసారి పోసింది నిలిచింది. మంచంతో సహా ఎత్తుకుని రోడ్డుకు తెచ్చి, పులివెందుల పోయే శెనిక్కాయల లారీని ఆపాం. దారి పొడుగునా ఆమె ముక్కు దగ్గర నా చెయ్యి పెట్టుకునే ఉన్నాను. గతుకు వచ్చినప్పుడల్లా ఊపిరి తగిలేది కాదు. మళ్ళీ తగిలేది.

పులివెందుల ఆసుపత్రిలో ఉన్న కుర్ర డాక్టరు నేను చెప్పింది సగం వినగానే సెలైను సీసా తగిలించాడు, మాత్రల డబ్బా చూసి సూదిమందు ఇచ్చాడు. ఆయనకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. సాయంత్రానికి ఓబులమ్మ కళ్ళు తెరిచి మొగుణ్ణి గుర్తుపట్టింది. "గొర్రెలకు నీళ్ళు పెట్న్యావా?" అని అడిగింది.

వరండాలో అత్త నా పక్కనే కూర్చుంది. "ఉంటావు గదా సామీ?"

"ఉంటా అవ్వా" అన్నాను.

ఎత్తుకున్న మొక్కు

ప్రొద్దుటూరు చేరి జరిగింది చెప్పాను. పద్మనాభం గారు ముఖం రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నారు. 'ఒంటి పొద్దు' అన్న మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. ఆ రోజునుంచి మా దగ్గర ఒక పద్ధతి మొదలైంది. రోగికి చెప్పాల్సింది చెప్పాక, రోగి చేత తన మాటల్లో తిరిగి చెప్పించుకునేవాళ్ళం. తల ఊపితే ఒప్పుకునేవాళ్ళం కాదు. "సరే సార్" అన్నా ఒప్పుకునేవాళ్ళం కాదు. పిల్లలూ, నా దగ్గర నేర్చుకోదగ్గది ఏదైనా ఉంటే ఇదే. మీకు ఎన్ని జన్యువుల పేర్లు తెలిసినా, 'సరే సార్' అన్న మాట వినగానే మీ కడుపులో భయం పుట్టాలి. నాకు ఇప్పటికీ పుడుతుంది.

ఇక రెండో సంగతి. ఆ రాత్రి, నాకు వండిపెట్టడానికి ప్రొద్దుటూరు వచ్చి ఉన్న మా అమ్మ అన్నం పెట్టి, పప్పు వేసింది. ఉప్పు వేసిన పప్పు. ముద్ద కలిపాను గానీ నోటి దాకా పోలేదు. దేవుడు గంగన్నను తీసుకుపోతాడని నేను నమ్మానా? నమ్మలేదు. నమ్మకపోతే ఎందుకు తినలేదని మీరు అడుగుతారు. భయం. మామూలు మనిషి భయం. రేపు వేముల దారిలో గంగన్నను పాము కరిస్తే ఆ ముసలామెకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? నా నోటితో నేనే అన్నాను, ఉంటానని. మండలంలో మిగిలిన రోజులన్నీ ఉన్నాను. పొద్దు గుంకినాక ఒక్కసారి, ఉప్పు లేని అన్నం. మధ్యాహ్నాలు సూక్ష్మదర్శినిలో కణాలు అలుక్కుపోయి కనబడేవి. పద్మనాభం గారు రెండుసార్లు "ఒంట్లో బాగా లేదా శేషయ్యా?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. ఆయనకు తెలుసనుకుంటాను. మూడోసారి అడగలేదు.

మండలం తీరిన మర్నాడు పొద్దున్నే ప్రయోగశాల వాకిట్లో అత్తా కోడళ్ళు నిలబడి ఉన్నారు. రోజులు లెక్కపెట్టుకుని వచ్చారు. అత్త చేతిలో గుడ్డమూట.

"నిజం చెప్పు సామీ. ఉన్న్యావా?"

"ఉన్న్యా."

నా దవడలు, కళ్ళు పరీక్షగా చూసింది. "ఉన్న్యావులే. మొగం చెప్తాంది" అని మూట విప్పి ఒక ఉప్పురాయి తీసింది. "నోరు తెరువు" అంది. మా సీమలో పురోహితుని కొడుకుకు అలా ఎవరూ చెప్పరు. తెరిచాను. ఆమె తన చేత్తో నా నాలుక మీద ఉప్పు పెట్టింది. అన్నాళ్ళ తర్వాత ఆ రుచి తగలగానే నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

వెనక నిలబడిన ఓబులమ్మ, నేను అడగకుండానే, మొదలుపెట్టింది. "గొర్రెల్ని తోలకముందు సంగటి తిని ఒకటి. గొర్రెలు దొడ్లోకి వచ్చినాక సగం. ఉప్పు ఎవురు వద్దన్న్యా మానను. కక్కుడొస్తే ఆ పొద్దే ఆసుపత్రికి. సరిపాయనా సామీ?"

సరిపోయిందని చెప్పాను. ఇంకొక్కసారి చెప్పమన్నాను.